అతుకు కనిపించాలి

మన ఇళ్ళల్లో అతుకుకి ఉన్నది ఒకటే పరీక్ష. అది కనిపించకూడదు. పట్టుచీర మేకుకి తగులుకుని చిరిగిందనుకోండి, రఫూ చేసేవాడి దగ్గరికి పరుగెత్తుతాం. అతను నాలుగు రోజులు తిప్పుకుని, దారానికి దారం కలిపి, చీర మన చేతిలో పెట్టి, "ఎక్కడ చిరిగిందో చెప్పండమ్మా చూద్దాం" అంటాడు గర్వంగా. మనం అటూ ఇటూ తిప్పి చూసి, వెలుతురుకి పట్టి చూసి, కనుక్కోలేక, అడిగినంతా ఇచ్చి వచ్చేస్తాం. అతుకు కనిపించిందో, పనివాడు చేతకానివాడన్నమాట.

చీర సంగతి సరే. చిరిగినది అయిదువందల ఏళ్ళ నాటి బొమ్మ అయితే? గోడ మీద ఎవరో మహానుభావుడు గీసిన బొమ్మలో ఒక చెయ్యి, ఒక చెంప, ఒక చీర కుచ్చెళ్ళు రాలిపోయి ఉంటే, దాన్ని బాగుచేసేవాళ్ళు ఏం చెయ్యాలి? రఫూ వాడిలాగా ఎవరికీ తెలియకుండా కలిపెయ్యాలా?

కూడదన్నారు ఒక పంతులమ్మ. దూరం నుంచి చూసేవాళ్ళకి బొమ్మ నిండుగా కనపడాలి. దగ్గరికి వచ్చి చూసేవాళ్ళకి ఇది పాతది, ఇది అతుకు అని స్పష్టంగా తెలిసిపోవాలి. నలభై ఏళ్ళకు పైగా ఆ పాఠమే చెప్పారు ఆవిడ, రోము నగరంలో. పేరు లారా మోరా. పుట్టింటివారి పేరు స్బోర్డోనీ. భర్త పాఓలో మోరాది కూడా అదే పని, అదే సంస్థ, చాలాసార్లు అదే గోడ. పరంజా ఎక్కినా, పాఠం చెప్పినా, పుస్తకం రాసినా ఇద్దరూ కలిసే. అందుకే ఆ రంగంలో వాళ్ళని విడివిడిగా తలుచుకోవడం తక్కువ, 'మోరా దంపతులు' అనే అంటారు. మన భాషలో మోర అంటే వేరే అర్థం ఉంది గనక ఆ పేరు విన్నప్పుడల్లా నాకు చిన్నగా నవ్వొస్తుంది. జీవితమంతా మోరలెత్తి గోడలూ కప్పులూ చూస్తూ గడిపిన ఆలుమగలకి ఇంతకంటే తగిన ఇంటిపేరు దొరుకుతుందా చెప్పండి!

అంతకు ముందు పాత బొమ్మలు బాగుచెయ్యడమంటే ఎక్కువగా చిత్రకారుల పక్కపని. తండ్రి దగ్గర కొడుకు, గురువు దగ్గర శిష్యుడు గుట్టుగా నేర్చుకునే విద్య. మన ఊరగాయల కొలతల్లాగా ఒకరి కిటుకు ఇంకొకరికి చెప్పేవారు కారు. 1939లో రోములో ఈ పని కోసమే ఒక కేంద్ర సంస్థ పెట్టారు. చెజారే బ్రాండి అనే కళాపండితుడు దానికి మొదటి డైరెక్టరు. చరిత్ర తెలిసినవాళ్ళూ, రసాయన శాస్త్రం తెలిసినవాళ్ళూ, చేతిపని తెలిసినవాళ్ళూ ఒకే కప్పు కింద కూర్చుని ఆలోచించాలన్నది వాళ్ళ పట్టుదల. ఆ సంస్థ తొలి రోజుల విద్యార్థుల్లోనే లారా, పాఓలో ఉన్నారు. బయట చూస్తే రెండో ప్రపంచ యుద్ధం. ఊళ్ళు కూలుతున్న రోజుల్లో బొమ్మలు నిలబెట్టే చదువు!

ఆ చదువుకి పరీక్ష కూడా యుద్ధమే పెట్టింది. రోముకి ఉత్తరాన వితెర్బో అని పాత పట్నం. అక్కడి ఒక చర్చిలో 1469లో లొరెంజో అనే చిత్రకారుడు మేరీమాత పెళ్ళిని గోడ నిండా గీశాడు. పెళ్ళికి వచ్చిన జనంలో తన ఊరివాళ్ళ ముఖాలే పెట్టాడట, మన చిత్రకారులు సీతాకల్యాణంలో మన అమ్మలక్కలని నిలబెట్టినట్టు. 1944లో ఆ చర్చి మీద బాంబు పడింది. పెళ్ళి పందిరంతా నేలరాలింది. శిథిలాల్లోంచి ఏరిన ముక్కలు 20 వేల పైమాటే. కొన్ని గోరంత కూడా లేవు.

బ్రాండి సంస్థ వాళ్ళు ఆ ముక్కలన్నీ తెచ్చి, బొమ్మ పాత ఫోటోలని అసలు సైజుకి పెద్దవి చేసి, వాటి మీద ఒక్కొక్క ముక్కా దాని చోటు వెతికి పేర్చారు. చేటలో బియ్యం పోసుకుని మట్టిగడ్డలు ఏరే ఓపిక ఉన్నవాళ్ళకి ఆ పని ఎలాంటిదో కొంచెం ఊహకి అందుతుంది. నెలలు గడిచాయి. అన్నీ పేర్చాక చూస్తే మధ్య మధ్య బోలెడు ఖాళీలు. పొడి అయిపోయినవి ఎక్కడినుంచి వస్తాయి?

ఇప్పుడు వచ్చింది అసలు చిక్కు. ఖాళీలని తెల్లగా వదిలేస్తే చూపంతా వాటిమీదికే పోతుంది. ముందుపన్ను ఊడిన మనిషి నవ్వితే మనకి మిగతా ముప్ఫయ్యొక్క పళ్ళూ కనపడవు కదా, అలాగన్నమాట. పోనీ నిండుగా రంగులు వేసేద్దామంటే అది లొరెంజో గీసిన బొమ్మ కాదు, మనం గీసింది. చూసేవాళ్ళని మోసం చేసినట్టే. ఈ రెంటికీ మధ్య వాళ్ళు కనిపెట్టిన దారి పేరు 'త్రత్తేజ్జో'. పలకడం కష్టమే గానీ అర్థం సులువు. గీతలతో నింపడం.

ఎలాగంటారా? పోయిన చోట సన్నటి కుంచెతో, నీటిరంగులతో, నిలువుగా చిన్న చిన్న గీతలు గీస్తారు. ఒక్కొక్కటీ సుమారు ఒక సెంటీమీటరు పొడుగు. రంగులు ముందే కలిపెయ్యరు. ఎర్ర గీత పక్కన పచ్చ గీత, దాని పక్కన నీలం గీత. మన కాడకుట్టు వరసల్లాగా ఒకదాని పక్కన ఒకటి. నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చూస్తే ఆ రంగులన్నీ కంట్లో కలిసిపోయి పోయిన భాగం నిండినట్టే ఉంటుంది. ముందుకొచ్చి చూస్తే వాన చినుకుల్లాంటి గీతలు. పాత చిత్రకారుడి కుంచె ఎక్కడ ఆగిందో, కొత్తవాళ్ళ కుంచె ఎక్కడ మొదలైందో చిన్నపిల్లలు కూడా వేలు పెట్టి చూపించగలరు. పైగా నీటిరంగు గనక, రేపెవరైనా కాదనుకుంటే తుడిచెయ్యవచ్చు.

దానికో నిబంధన కూడా ఉంది. చుట్టూ మిగిలినదాన్ని బట్టి పోయింది ఏమిటో నిస్సందేహంగా తెలిసినప్పుడే గీతలు గీయాలి. తెలియకపోతే ఊహించి గీయకూడదు, వదిలెయ్యాలి. ఈ పద్ధతిని గోడబొమ్మల పనిలో మెరుగుపెట్టి, దేశదేశాల పిల్లలకి నేర్పినవాళ్ళు మోరా దంపతులు.

ఈ జాగ్రత్తల విలువ తెలియాలంటే మన అజంతా వైపు ఒకసారి చూడాలి. అజంతా గుహలు ఒకప్పుడు నిజాం రాజ్యంలోవి. అక్కడి బొమ్మలు పెళ్ళలు పెళ్ళలుగా ఊడిపోతున్నాయని హైదరాబాదు ప్రభుత్వం ఇటలీ నుంచి చెక్కోనీ, ఓర్సీనీ అనే ఇద్దరు నిపుణులని పిలిపించింది. 1920 నుంచి 1922 దాకా వాళ్ళు పనిచేశారు. ఊడిపోయేవాటిని గోడకి అంటించి నిలబెట్టారు. అది నిజంగా మేలే. కాని బొమ్మల మీద లక్క వార్నిషు కూడా పూశారు. పూసినప్పుడు నిగనిగలాడింది. ఏళ్ళు గడిచేకొద్దీ పసుపు తిరిగి, దుమ్ము పట్టి, నల్లబడి, బోధిసత్వుల అసలు రంగులకి అడ్డుతెర అయి కూర్చుంది. తరవాత మన పురావస్తు శాఖవారు దాన్ని తొలగించడానికి ఏళ్ళ తరబడి అవస్థ పడ్డారు. ఆ ఇద్దరినీ తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ రోజుల్లో తెలిసిన విద్య అది. కాని వెనక్కి తీసుకోలేని మేలు కీడుతో సమానమని తరవాతి తరం ఇటలీ వాళ్ళే పాఠంగా చెప్పారంటే, ఆ పాఠం ఊరికే పుట్టలేదు.

ఇంతకీ లారాగారి బడి సంగతి చెప్పనేలేదు. ప్రపంచంలో పాత కట్టడాలనీ కళాఖండాలనీ కాపాడే విద్య నేర్పడానికి ఒక అంతర్జాతీయ కేంద్రం ఉండాలని యునెస్కో తీర్మానించింది ఎక్కడో తెలుసా? మన ఢిల్లీలో, 1956లో జరిగిన మహాసభలో. ఆ కేంద్రం 1959లో రోములో మొదలైంది. దాన్ని ఇక్రోమ్ అంటారు. 1968 నుంచి అక్కడ గోడబొమ్మల కోసం ప్రత్యేకంగా ఒక శిక్షణ నడిచింది. దానికి గురువులు మోరా దంపతులే. ఏటా దేశదేశాల నుంచీ విద్యార్థులు వచ్చేవారు. ఒకరి దేశంలో బౌద్ధ గుహలు, ఒకరి దేశంలో మట్టి గోడల మఠాలు, ఇంకొకరి దేశంలో చర్చీలు. పాఠం మాత్రం ఒక్కటే, పరంజా మీద.

బొమ్మని ముట్టుకునే ముందు గోడ సంగతి చూడమనడం ఆ పాఠంలో మొదటి మెట్టు. మనకీ తెలిసినదే. గోడకి చవుడు పడితే సున్నం మీద సున్నం వేస్తూ పోతాం, మళ్ళీ వానాకాలానికి మళ్ళీ రాలుతుంది. చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో చూడకుండా ఎన్ని పూతలు పూస్తే ఏం లాభం? జ్వరం ఎందుకొచ్చిందో తెలుసుకోకుండా మాత్ర మింగించడమే. అలాగే ఆ రోజుల్లో ఇటలీలో పాడైన గోడ నుంచి బొమ్మని చర్మం ఒలిచినట్టు ఊడదీసి గుడ్డకి అంటించే అలవాటు బాగా ఉండేది. అది ఆఖరి మార్గమే కావాలి గాని మొదటిది కాకూడదని వీళ్ళు చెప్పారు. గోడబొమ్మకి గోడే ఊరు. తమకి తెలిసినదంతా, పాల్ ఫిలిప్పో అనే పండితుడితో కలిసి, 1977లో ఫ్రెంచి భాషలో పెద్ద పుస్తకంగా తెచ్చారు. 1984లో అది ఇంగ్లీషులోకి వచ్చింది. గుట్టుగా దాచుకునే విద్య అంతా ఎవరైనా చదువుకునే పుస్తకమైంది.

మురికి తియ్యడానికి వాళ్ళు తయారుచేసిన ఒక లేపనం కూడా ఉంది, ఏబీ 57 అని. మన సున్నిపిండి లాగా పట్టించి, కొద్ది నిమిషాలే ఉంచి, నీళ్ళతో కడిగెయ్యాలి. 1980లో మొదలై 1994 దాకా సాగిన వాటికన్ సిస్టైన్ చాపెల్ శుభ్రపరిచే పనిలో మైకెలాంజిలో బొమ్మల మీది మసి వదిలించింది ఈ లేపనమే. మరీ ఎక్కువ శుభ్రం చేసేశారని కొందరు పండితులు దెబ్బలాడారు కూడా. దేన్నైనా తోమడంలో ఎక్కడ ఆపాలో తెలియడమే కష్టమని గిన్నెలు తోముకునే మనకి ఎవరూ చెప్పనక్కరలేదు.

లారాగారి పేరు అందరికీ తెలిసింది ఈజిప్టు పనితో. రెండో రామెసెస్ మహారాజు పట్టపురాణి నెఫెర్తారి. ఆవిడ పోయి సుమారు 3,200 ఏళ్ళు. నైలునది పడమటి గట్టున, లక్సర్ ఎదురుగా, రాణుల లోయలో కొండని తొలిచి ఆవిడ సమాధి కట్టారు. 1904లో స్కియాపరెల్లి అనే ఇటలీ ఆయన దాన్ని కనుక్కునేటప్పటికే దొంగలు ఎప్పుడో దోచేశారు. దోచుకోలేనివి బొమ్మలు మాత్రమే. తెల్లటి సన్నబట్ట కట్టుకుని, చెవులకి లోలకులు పెట్టుకుని, నెత్తిన బంగారు రాబందు కిరీటంతో రాణీగారు ఒక గోడమీద దేవతల చెయ్యి పట్టుకుని నడుస్తుంటుంది, ఇంకో గోడమీద ఒంటరిగా కూర్చుని మన అష్టాచెమ్మా లాంటి పలక ఆట ఆడుతుంటుంది. చూస్తే నిన్న మొన్న గీసినట్టే ఉంటుంది.

కాని లోపల ఉప్పు. ఆ కొండరాయిలోనూ, పూసిన పూతలోనూ ఉన్న ఉప్పు చెమ్మకి కరిగి, ఆరి, గడ్డకట్టింది. ఊరగాయ జాడీ అంచున ఉప్పు పేరుకోవడం చూస్తాం కదా, అదే పని గోడకీ పూతకీ మధ్య జరిగింది. ఉప్పు పలుకులు పెరుగుతూ పెరుగుతూ పూతని బయటికి నెట్టేశాయి. బొమ్మలు పెచ్చులై వేలాడసాగాయి. చెయ్యి తగిలితే రాలేటట్టున్నాయి.

1986లో ఈజిప్టు ప్రభుత్వం, అమెరికాలోని గెట్టీ సంస్థ కలిసి దీన్ని బాగుచెయ్యడానికి పూనుకున్నాయి. పని నడిపే బాధ్యత మోరా దంపతులకి అప్పజెప్పారు. అప్పటికి వాళ్ళు చిన్నవాళ్ళు కాదు. అరవయ్యోపడిలో ఉన్న మనుషులు. అంతటి అనుభవం ఉన్నవాళ్ళు వెళ్ళగానే ఏం చేశారు? ముందు కట్లు కట్టారు. మల్బరీ బెరడుతో జపానువాళ్ళు చేసే పల్చటి కాగితాన్ని పీలికలుగా కోసి, రాలిపోయేలా ఉన్న ప్రతిచోటా అంటించారు. వేల పీలికలు. దెబ్బ తగిలిన పిల్లాడికి ముందు కట్టుకట్టి, తరవాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినట్టు. పరీక్షలు కూడా చేశారు. ఉప్పు ఎంత, చెమ్మ ఎంత, రంగులేవి, బంక ఏది అని. అసలు వైద్యం మొదలైంది 1988లో, ముగిసింది 1992లో. సుమారు 520 చదరపు మీటర్ల గోడ. ఉప్పు తీసి, పెచ్చుల వెనక శుభ్రం చేసి, మళ్ళీ వాటి చోట వాటిని అంటించడం. ఇటలీవాళ్ళ పక్కనే ఈజిప్టు కుర్రవాళ్ళు కూడా చెయ్యి కలిపారు. పరాయివాళ్ళు వచ్చి బాగుచేసి వెళ్ళిపోతే రేపు చూసుకునేదెవరు? అందుకని అక్కడి పరంజా కూడా బడే అయింది.

ఇంత చేసి, ఒక పని మాత్రం చెయ్యలేదు. రాలిపోయిన బొమ్మని తిరిగి గీయలేదు. ఈజిప్టు బొమ్మలు కొలతల ప్రకారం గీసినవి. సగం చెయ్యి ఉంటే మిగతా సగం గీయడం చెయ్యి తిరిగినవాళ్ళకి చిటికెలో పని. ప్రపంచమంతా చూస్తోంది, మెచ్చుకోలు కూడా దండిగా వచ్చేది. అయినా పోయినచోట సాదా గచ్చు పూసి ఊరుకున్నారు. చేతనయీ చెయ్యకుండా ఉండడం! నన్నడిగితే, ఆవిడ గొప్పతనమంతా అక్కడే ఉందంటాను.

ఇదంతా పరదేశపు గొడవ అనుకోకండి. శ్రీ సత్యసాయి జిల్లాలో లేపాక్షి గుడి ఉందిగా, అక్కడి మంటపం కప్పు మీద విజయనగరం నాటి బొమ్మలున్నాయి. పార్వతీ కల్యాణం ఉంది. ఆ ఆడవాళ్ళ చీర అంచులు చూడడానికే వెళ్ళేవాళ్ళున్నారు. ఒక్కొక్క చీరకి ఒక్కొక్క రకం గళ్ళు, చారలు, పువ్వులు. అక్కడక్కడ పూత రాలిపోయి, సగం మనిషే మిగిలి ఉంటుంది. మా పెద్దత్తగారితో వెళ్ళినప్పుడు ఆవిడ తలెత్తి చూసి, "ఇంత డబ్బు పెట్టి గుళ్ళకి రంగులేస్తారు, ఆ ఖాళీలు కూడా ఎవరిచేతన్నా పూయించెయ్యరాదూ?" అన్నారు.

"అత్తయ్యా, అలా పూస్తే పాతదేదో కొత్తదేదో తెలియకుండా పోతుంది" అని, గీతల సంగతంతా చెప్పాను.

"బాగానే ఉంది. దండం పెట్టేంత దూరానికి నిండుగా ఉంటుందన్నమాట. దగ్గరికెళితే నిజం చెబుతుంది" అన్నారు. పెద్ద పెద్ద పుస్తకాల్లో నేను చదివినదాన్ని ఆవిడ ఒక్కమాటలో తేల్చేశారు. అంతటితో వదల్లేదు. "మరి దేవుడి ముఖమే పోయిందనుకో. అప్పుడూ గీతలేనా?"

"లేదు. ఎలా ఉండేదో తెలియనప్పుడు గీయకూడదు."

"అయితే దండం ఎవరికి పెట్టాలి?"

ఆ ప్రశ్న చిన్నది కాదు. రోములో బొమ్మ చూడటానికి వెళతారు, మన గుడికి మొక్కుకోవడానికి వెళతాం. బోసిగా ఉన్న దేవుణ్ణి చూస్తే మనసు చివుక్కుమంటుంది. కుంభాభిషేకమంటూ పాత రాతి శిల్పాలకి ఎనామిలు రంగులు పూసేదీ, స్తంభాల మీద ఇసక చిమ్మి తోమించేదీ, బొమ్మలున్న గోడకి సున్నం కొట్టించేదీ చాలాచోట్ల భక్తితోనే. అందుకే వాళ్ళని కోప్పడి లాభం లేదు. కాని ఆ సున్నం కింద ఎంతమంది పార్వతులు, ఎన్ని చీర అంచులు ఉండిపోయాయో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. ఆ గీసినవాళ్ళ పేర్లు మనకి తెలియవు. వాళ్ళు బతికారనడానికి ఆ కుంచె జాడ ఒక్కటే సాక్ష్యం. దానిమీద మన రంగు పూస్తే ఆ సాక్ష్యం కూడా పోతుంది.

నేనేదో సమాధానం వెతుక్కుంటూ ఉండగానే అత్తగారు మళ్ళీ పైకి చూసి, "పోనీలే, పాదాలున్నాయిగా. దండం పెట్టేది వాటికే" అని చేతులు జోడించారు. లారాగారు వింటే సంతోషించేవారని నా నమ్మకం.

పాఓలో 1998లో పోయారు. లారా 2015లో. గోడ బాగుపడిందంటే బాగుచేసినవాళ్ళు ఎవరికీ గుర్తుండరు, నెఫెర్తారిని చూసి వచ్చినవాళ్ళు నెఫెర్తారినే తలుచుకుంటారు. వాళ్ళు కోరుకున్నదీ అదే. తమ చెయ్యి పడిన ప్రతిచోటా ఇది మాది, అది వాళ్ళది అని గుర్తుపెట్టి, అంతకంటే మంచి విద్య వచ్చిననాడు తమ గీతలని తడిగుడ్డతో తుడిచెయ్యడానికి వీలుగా ఉంచి వెళ్ళారు.